ఏడు గంటలని నీకెలా తెలుసు?

కార్లో ఊరు, ఐర్లండ్
నవంబరు నెల

జనార్దనరావుకు,

ఇది గురుమూర్తి ఇంకొకరి చేత రాయించిన ఉత్తరం కాదు. నా చేత్తో రాసింది. నేను బాగున్నాను. నువ్వెట్లా ఉన్నా నాకు ఒకటే.

అయిదో తరగతితో బడి మానేసినవాడికి ఉత్తరాలెందుకని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోను చేస్తే నీ గొంతు నా చెవిలో పడుతుంది, అది నాకు ఇష్టం లేదు. మీ అడ్రసు మా మృదుల ఇచ్చింది. తెలుగువాళ్ల దీపావళి సభలో నీ కొడుకు నవదీప్ కనిపించాడట. "నాన్నా, జనార్దనం బాబాయి డండాక్‌లోనే ఉన్నాడంట. ఇద్దరూ ఒకే దేశంలో ఉండి ఇంకా ఎన్నాళ్లు నాన్నా ఈ పంతం" అని అన్నం దగ్గర నస పెట్టింది. ఆమె డాక్టరు. నాలుగు మాత్రలిస్తే అన్నీ తగ్గుతాయనుకుంటుంది.

అసలు సంగతి రాస్తాను. ఇక్కడ పదో తరగతి అయ్యాక పిల్లలకు ఒక ఏడాది పెద్ద పరీక్షలు లేకుండా లోకం చూపిస్తారు. మా మనవరాలు ఆశ్రిత ఆ ఏడాదిలో ఉంది. బడిలో ఉత్తుత్తి కోర్టు ఆడిస్తున్నారు. ఉత్తుత్తి అంటే నేరం ఒక్కటే ఉత్తుత్తి. కోర్టు హాలు నిజంది. జడ్జి నిజం జడ్జి. నల్ల గౌన్లు నిజం గౌన్లు. మార్చిలో డబ్లిన్‌లో మొదటి పోటీ. చీటీలు తీస్తే మా బడికి ముద్దాయి పక్షం వచ్చింది. ఎదుటి పక్షం మీ డండాక్ బడి. మా ఆశ్రిత లాయరు. మీ వాళ్ల సాక్షి ఎవరో నీకు తెలుసు. నవదీప్ కూతురు, నీ మనవరాలు సాహితి.

మృదుల ఆ పేరు చెప్పగానే ముద్ద దిగలేదు. దుఃఖంతో కాదు, సంతోషంతో.

నువ్వు మరిచిపోయి ఉంటావు. నరసరావుపేట మునసబు కోర్టులో మా బాబాయే గదా అని చూడకుండా మీ నాన్న మీద నేను వేసిన గెట్టు దావా. మీ నాన్న గెట్టు రాళ్లు పీకించి మా చేలోకి జరిపిస్తుంటే, పొద్దున్నే గేదెకు గడ్డి కోసం పోయిన మా ఇంటిది చూసింది. కోర్టుకొచ్చి చూశానని చెప్పింది. గంట చెప్పకపోతే సాక్ష్యం నిలవదని మా ప్లీడరు నేర్పితే, ఏడు గంటలప్పుడు అంది. నువ్వప్పుడు మీ ప్లీడరు దగ్గర గుమస్తావి. ఆయన వెనక బల్ల మీద కూర్చుని ఆయన చెవిలో ఏదో ఊదావు. ఆయన లేచి, చేతి గడియారం విప్పి ఆమె చేతిలో పెట్టి, "ఇప్పుడు టైమెంతమ్మా" అన్నాడు.

ఆమె దాన్ని తిప్పింది. తిరగేసింది. కోర్టు కోర్టంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు.

ఆమెకు గడియారం చూడటం రాదని ఆ హాల్లో ఎవరికి తెలుసు? కాలేజీ చదువుకు మా ఇంట్లో ఉండి ఆమె చేతి అన్నం తిన్నవాడికి తెలుసు. పొయ్యి దగ్గర నుంచి నిన్నే గదా పిలిచి అడిగేది, "జనార్దనా, టైమెంతయిందో చూసి చెప్పబ్బాయ్" అని.

పొలం పోయింది, పోనీ. ఆమె బతికినన్నాళ్లు మా ఇంట్లో గోడ గడియారం పెట్టనియ్యలేదు.

మార్చిలో నీ మనవరాలు బోనెక్కుతుంది. నువ్వు వచ్చి చూడు.

గురుమూర్తి


డండాక్
డిసెంబరు నెల

పూజ్యులైన గురుమూర్తి అన్నయ్యకు,

నీ తమ్ముడు జనార్దనరావు నమస్కరించి వ్రాయునది. ఇన్నేళ్లకు నీ అక్షరం చూశాను. ఒత్తులు ఇంకా పక్క ఊళ్లోనే ఉన్నాయి గానీ భావం చక్కగా అందింది.

అన్నయ్యా, అవి పిల్లల ఆటలు. సాహితి చేసేది బ్రాడీ అనే డెబ్బై ఏళ్ల ముసలమ్మ వేషం. మా కోడలి పాత శాలువా కప్పుకుని, వంటింట్లో కప్పులుండే అల్మరా ముందు నిలబడి వంకర నడక ప్రాక్టీసు చేస్తోంది. ఆ అల్మరాను ఈ పిల్లలు ప్రెస్ అంటారు. "తాతా, మూవ్, ఐ నీడ్ ద ప్రెస్" అని నన్ను పక్కకు నెడుతుంది. దీనికి నీవు మునసబు కోర్టును తవ్వుతున్నావు.

ఆ దావా ముగిసింది. తీర్పు వచ్చింది. అప్పీలు గడువు కూడా నీవే దాటనిచ్చావు. గడియారం అడగాలనే ఆలోచన మా ప్లీడరుగారిది. ఆయన పోయి చాలాకాలమైంది, అడుగుదామన్నా లేడు. అసలు వదినకు తెలియని గంటను వదిన నోట పెట్టింది మీ పక్షమే గదా. కోర్టులో ఎవరి పని వారు చేస్తారు. గెలవడం గుమస్తా పని, నేను చేశాను.

చలి ఎక్కువగా ఉంది. మోకాళ్లు జాగ్రత్త.

జనార్దనరావు


కార్లో
జనవరి నెల

జనార్దనరావుకు,

నా మోకాళ్ల జోలికి రాకు. నా ఒత్తుల జోలికి వచ్చావు, సరే. అవి పక్క ఊళ్లో ఉన్నా నా సొంతం. నువ్వు రాసినవన్నీ ప్లీడర్ల దగ్గర అరువు తెచ్చుకున్న మాటలు.

మా ఇల్లు ఇప్పుడు కోర్టు. ఇస్త్రీ బల్ల నిలబెట్టి బోను చేశారు. బ్రాడీ ముసలమ్మను నేను. మా అల్లుడు రఘువీర్ జడ్జి. కంప్యూటరు ఉద్యోగం గదా, ఇంట్లోనే కూర్చుని, మీటింగుల మధ్య వచ్చి "ఆర్డర్, ఆర్డర్" అని పోతాడు. బడికి వారం వారం ఒక లాయరమ్మ ఊరికే వచ్చి నేర్పుతుంది. ఆశ్రిత ఏం చేసినా "గ్రాండ్" అంటుందట. ఇక్కడ గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, ఫరవాలేదు అని. నాకు ఫరవాలేదు చాలదు.

నేరం కథ ఆశ్రిత నాకు చెప్పింది. ఒక కుర్రాడు పొద్దున్నే పక్కవాడి పొలం గేటు తీసి వదిలాడని, ఆవులు రోడ్డెక్కి కారు గుద్దుకుందని కేసు. బ్రాడీ ముసలమ్మ తన వంటింటి కిటికీ లోంచి ఆ కుర్రాణ్ణి చూసింది. ఏడు గంటలప్పుడు చూశానంటుంది. వింటున్నావా జనార్దనా. పొద్దున ఏడు గంటలు. కథ రాసినవాడెవడో గానీ వాడి కాళ్లకు దణ్ణం పెట్టాలి.

అందుకని మా పిల్లకు ఒక్కటే ప్రశ్న నూరిపోస్తున్నాను. "అమ్మా, ఏడు గంటలని నీకెలా తెలుసు?" గట్టిగా అడగొద్దన్నాను. మెత్తగా, కూరలో ఉప్పు చాలిందా అన్నట్టు అడగమన్నాను. మొదట్లో పోలీసులా అరిచింది. ఇప్పుడు కుదిరింది.

మీ పిల్ల దగ్గర జవాబు లేదు. నోరు తెరుచుకుని నిలబడుతుంది. నువ్వు వెనక బల్ల మీద కూర్చుని చూస్తావు.

గురుమూర్తి


డండాక్
జనవరి నెలాఖరు

అన్నయ్యకు నమస్కారాలు.

చదివి నవ్వాగలేదు. మా నవదీప్ వచ్చి "ఏంటి నాన్నా, ఎవరు రాశారు" అంటే, పాత మిత్రుడని చెప్పాను.

నీ స్వభావం మారలేదు. దావా వేసిన రోజుల్లో కూడా రచ్చబండ మీద కూర్చుని, ఎవరిని సాక్షిగా పిలుస్తున్నావో, ఏం చెప్పిస్తున్నావో ఊరందరికీ చెప్పేవాడివి. సాయంత్రానికి అవి మా ప్లీడరుగారి బల్ల మీద ఉండేవి. పగవాడికి ముందే కత్తి చూపించేవాడిని ఏమంటారో నీకు తెలియదు, నేను వ్రాయను.

ఉడుకుమోతుతనంతో పిల్లను పాడు చేయకు. నీ ఆరోగ్యం చూసుకో.

జనార్దనరావు


కార్లో
ఫిబ్రవరి నెల

జనార్దనరావుకు,

కత్తి చూపించాను. అయితే ఏమిటి? చూసి ఏం చేస్తావు? ఆ ముసలమ్మకు ఏడు గంటలని ఎలా తెలిసిందో మీ పిల్ల చెప్పలేదు. నువ్వూ చెప్పలేవు. గుమస్తాగిరీలో సగం జీవితం సాక్షులకు పాఠాలు చెప్పావు గదా. దీనికి చెప్పు చూద్దాం. నీ తెలివికి వయసైపోయింది. ఇప్పుడు నువ్వు కొడుకింట్లో గిన్నెలు తుడిచే ముసలాడివి.

గురుమూర్తి


డండాక్
ఫిబ్రవరి నెల

అన్నయ్యకు,

జవాబు ఉంది. కోర్టులో విందువుగాని.

జనార్దనరావు


కార్లో
మార్చి నెల

జనార్దనరావుకు,

నువ్వూ ఆ హాల్లో ఉన్నావు. నీ కళ్లతోనే చూశావు. అయినా రాస్తాను. కూర్చుని చదువుకో.

నేను నీకు రెండు వరసల వెనక కూర్చున్నాను. నువ్వు తల తిప్పలేదు. నీ మెడ మాత్రం చూస్తూ కూర్చున్నాను. మొదట మీ పిల్ల బాగా చేసింది. శాలువా, వంకర నడక, అన్నీ కుదిరాయి. బోనెక్కుతూ అమ్మా అని నడుం పట్టుకుంటే జడ్జి నవ్వాడు. అది మంచి నవ్వు. నీ భుజాలు వెడల్పయ్యాయి.

మా ఆశ్రిత లేచింది. అరువు గౌను భుజం మీద నుంచి జారుతుంటే సర్దుకుంది. ఇంగ్లీషులో నడిచింది గానీ మా అల్లుడు నా చెవిలో తెలుగు చేస్తూ ఉన్నాడు.

"మిసెస్ బ్రాడీ, ఏడు గంటలని మీకెలా తెలుసు?"

ఎంత మెత్తగా అడిగిందో విన్నావు గదా.

మీ పిల్ల మొహం వెలిగింది. "అప్పుడే మా వంటింట్లో రేడియోలో ఏడు గంటల వార్తలు మొదలయ్యాయి" అంది. గుక్క తిప్పుకోకుండా అంది. నీ తల ఒకసారి ఊగింది. మునసబు కోర్టులో కూడా అట్లాగే ఊగేది.

"రేడియో అన్నారా?"

"అవును, రేడియో."

"మీరిచ్చిన వాంగ్మూలం మీ ముందే ఉంది. అందులో రేడియో ఎక్కడుందో కొంచెం చూపిస్తారా?"

మీ పిల్ల కాగితం తిరగేసింది. మళ్లీ తిరగేసింది. జనార్దనా, ఆ తిరగెయ్యడం నీకేమన్నా గుర్తు తెచ్చిందా?

"రాత్రి గాలివానకు కరెంటు పోయిందని, అందుకే వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చున్నానని మీరే రాసిచ్చారు. కరెంటు లేని వంటింట్లో రేడియో మోగిందా?"

మీ పిల్ల శాలువా అంచు సర్దుకుంది.

"మిసెస్ బ్రాడీ, ఈ రేడియో సంగతి మీకెవరు చెప్పారు?"

అప్పుడు ఆ పిల్ల వేషం మరిచిపోయి నీ వైపు చూసి, "మా తాత" అంది.

డెబ్బై ఏళ్ల ముసలమ్మ నాకు మా తాత చెప్పాడు అంటే ఎవరు నవ్వరు? జ్యూరీలో కూర్చున్న పిల్లలు నవ్వారు. గౌన్లు వేసుకున్న లాయర్లు నవ్వారు. జడ్జి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను ఒక్కణ్ణే నవ్వలేదు. నేను వింటున్నాను. నలభై ఏళ్ల కిందట విన్న నవ్వే. ఈసారి అది నా వైపు నుంచి పోయి నీ మీద పడింది.

ఇప్పుడు చెప్తాను విను. ఈ ఆటకు ఒక నియమం ఉంది. మొదటి రోజే ఆశ్రిత నాకు చెప్పింది. "తాతా, సాక్షికి ఒక షీటు ఇస్తారు. అందులో లేనిది ఒక్క ముక్క కూడా కలపకూడదు. కలిపితే ఎదుటివాళ్లు పట్టుకోవచ్చు. షీటులో లేని ప్రశ్న అడిగితే నాకు తెలియదు అనాలి, అంతే" అంది. తెలియదు అని ఉంటే మీ పిల్ల బోను దిగి చక్కగా పోయేది. ఆ ఒక్క మాట నువ్వు అననివ్వవని నాకు తెలుసు. సాక్షి నోట తెలియదు అనే మాట వస్తే గుమస్తాకు అవమానం. దావా కాగితం కూడా పూర్తిగా చదవకుండా, సాక్షికి పాఠం చెప్పడమే నీ పని అనుకునేవాడివి. అందుకే ఆ ప్రశ్న నీకు ముందే రాశాను. జవాబు లేదని రాశాను, ముసలాడివని తిట్టాను. నువ్వు జవాబు తయారు చేశావు.

రచ్చబండ మీద కత్తి చూపించేవాణ్ణి ఏమంటారో ఇప్పుడు రాయి.

మా బడి గెలిచింది. నా కడుపు చల్లబడింది.

గురుమూర్తి


డండాక్
మార్చి నెల

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. నీవు గెలిచావు. ఆ మాట వ్రాయించుకోవాలని నీకు ఉంటుంది గనుక మొదటే వ్రాశాను.

నీవు చూడనిది ఒకటి వ్రాస్తాను. తీర్పయ్యాక నీవు కారులో కూర్చోవడానికి తొందరగా పోయావు. సాహితి కారిడార్లో గోడవారగా కూర్చుంది. మీ ఆశ్రిత వచ్చి దాని పక్కన నేల మీద కూర్చుంది, గౌనుతోనే. ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. ఇంటికి వస్తూ కారులో సాహితి అడిగింది. "తాతా, ఆశ్రితా వాళ్ల అమ్మమ్మకు కోర్టులో నిజంగా వాచ్ ఇచ్చారా?" అంది. నవదీప్ కారు నడుపుతూ అద్దంలో నన్ను చూశాడు. వాడికి ఈ సంగతి ఇంతవరకు తెలియదు.

ఇచ్చారన్నాను. కోర్టులో గెలవడమే పని అని కూడా చెప్పాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. దానికి నేను సిగ్గుపడను. నీవు ఉత్తరాలతో ఎర వేశావని కూడా చెప్పాను. అది నీ మనవరాలికి నీవు చెప్పావా, అన్నయ్యా?

సాహితి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆ రోజు నుంచి నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. నా ప్లేటు నా ముందు పెట్టి పోతుంది.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఈ ఏడాది చేసిన పనుల మీద బడిలో ఒక వ్యాసం వ్రాయాలట. అందరి తల్లిదండ్రులను పిలిచి చదివిస్తారట. సాహితి వదిన గురించి వ్రాస్తానంటోంది. ఒక నిజం సాక్షిని ఎలా నవ్వులపాలు చేశారో వ్రాస్తుందట. గడియారం సంగతి ఎవరు చెప్పారో కూడా వ్రాస్తుందట. ఈ ఊళ్లో తెలుగు కుటుంబాల వాళ్లందరూ ఎరిగినవాళ్లే. ప్రతి ఆదివారం గుడికి పోతే నన్ను బాబాయిగారూ అని లేచి కూర్చోబెడతారు. నవదీప్ చెప్పి చూశాడు, కోడలు చెప్పి చూసింది. అది ఒక్కటే మాట అంటోంది. "ఆ తాతగారు వద్దంటే మానేస్తాను. ఆవిడ ఆయన భార్య."

నీ చేతిలో ఉంది. వద్దని ఒక ముక్క వ్రాయి. నీకు కావలసిన నవ్వు నీకు దక్కింది. వదిన కూడా తన పేరు బజారున పడాలని కోరుకునే మనిషి కాదు. చదువుకునే రోజుల్లో మీ ఇంట్లో తిన్న అన్నం మీద ఒట్టు, ఇంతకుముందు ఎవరినీ ఇలా అడగలేదు.

నీ తమ్ముడు
జనార్దనరావు


కార్లో
ఏప్రిల్ నెల

చిరంజీవి సాహితికి,

గురుమూర్తి తాత ఆశీర్వదించి రాస్తున్నది. మీ తాత ఉత్తరం వచ్చింది. జవాబు ఆయనకు కాదు, నీకు రాస్తున్నాను. నువ్వు తెలుగు మాట్లాడతావు గానీ చదవలేవని ఆశ్రిత చెప్పింది. అందుకని ఈ కాగితం మీ తాత చేతే చదివించుకో. మీ నాన్న చదువుతానన్నా ఇవ్వకు. ఆశ్రిత ఫోనులో చదువుతానన్నా వినకు. మీ తాతే చదవాలి, పైకి, అందరూ ఉన్నప్పుడు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి చదవమను.

నీ మీద నాకు కోపం లేదు. బోనులో నువ్వు బాగా చేశావు. ముసలమ్మ నడక నీలా మా ఆశ్రితకు రాదు. ఈ మాట దానికి చెప్పినందుకు నా మీద అలిగి ఉంది. దాని అలకకు ఇంకో కారణం కూడా ఉంది, మీ తాత అడిగిన ఎర సంగతి దానికి చెప్పాను.

వ్యాసం రాయి. నేను వద్దనను. రాయాల్సినవి చెప్తాను, మీ తాత చదువుతూ ఉంటాడు, నువ్వు రాసుకో.

మా ఇళ్లలో భార్య పేరు పైకి పలకరు. పెళ్లయిన నాటి నుంచి నేను పలకలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు సీతాలక్ష్మి. నువ్వు వ్యాసంలో వదిన అని, అమ్మమ్మ అని రాయొద్దు. పేరు రాయి.

సీతాలక్ష్మికి గడియారం చూడటం రాదు. రాకపోతే ఏమీ కాలేదు. ఇంటెడు మందికి వేళకు అన్నం పెట్టింది. మీ తాతకు కాలేజీకి ఒక్కనాడు ఆలస్యం కానివ్వలేదు. పుల్లగా ఉందని ఆయన మజ్జిగ తాగకపోతే ఆయన ఒక్కడి కోసం మళ్లీ తోడు పెట్టేది. పొద్దున్నే గడ్డికి పోయి గెట్టు రాళ్లు జరుపుతుంటే చూసింది. భయపడకుండా వచ్చి కోర్టులో చెప్పింది. ఏడు గంటలు అనే మాట ఆమెది కాదు, ప్లీడరు పెట్టింది. రాళ్లు జరిపారన్న మాట ఆమెది.

కోర్టు నుంచి బస్సులో వస్తూ నన్ను ఒకటే అడిగింది. "ఆ పిల్లాడు కూడా నవ్వాడా?" అంది. ఎవరంటే, జనార్దనం అంది. నేను జవాబు చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

సాహితీ, ఇప్పుడు మీ తాతను చదవడం ఆపమని, ఆ ప్రశ్న నువ్వు అడుగు. గట్టిగా అడగొద్దు. మెత్తగా అడుగు. ఆయన ఏం చెప్తే అదే వ్యాసంలో రాయి, ఒక్క ముక్క కూడా కలపకు.

ఆశీస్సులతో
సీతాలక్ష్మి భర్త
గురుమూర్తి